బావగారు పట్టుకున్న ఆవిరి

బావగారి కంటపడ్డాక ఏ ఆవిరీ హాయిగా గాలిలో కలిసిన దాఖలా లేదు. టీ గ్లాసు మీది ఆవిరి కానీ, అన్నం గిన్నె మీది ఆవిరి కానీ, స్నానాల గది కిటికీలోంచి తొంగిచూసే ఆవిరి కానీ, ఆయన దృష్టిలో అది గోడ దూకి పారిపోతున్న దొంగ. లేచి వెంటపడాల్సిందే. మూత దొరికితే మూత, పళ్ళెం దొరికితే పళ్ళెం, ఏదీ దొరక్కపోతే అరచెయ్యి.

ఆయన ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో బాయిలర్ ఆపరేటరు. అదే లాండ్రీలో సూపర్‌వైజరు ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. హోదా ప్రకారం తమ్ముడు పైవాడు, బావగారు కిందివారు. కానీ బావగారు చేరిన మొదటిరోజే తమ్ముడు అలవాటుకొద్దీ అందరి ముందూ "బావా, ఇటు రండి" అని పిలిచాడు. ఆ పూట నుంచి లాండ్రీ మొత్తానికీ ఆయన బావగారైపోయారు. ఇస్త్రీ రోలర్ల దగ్గరి ఆడవాళ్ళకీ, వ్యాను డ్రైవర్లకీ, చివరికి మేనేజరుకి కూడా బావగారే. దాంతో సూపర్‌వైజరు హోదా ఎటో కొట్టుకుపోయి, అతను అందరికీ బావమరిదిగా మిగిలాడు. ఎదురుగా సార్ అన్నా, పక్కకి తిరగ్గానే "బావమరిది వస్తున్నాడు" అనేవాళ్ళు. ఆ రోజు పేరు పెట్టి పిలిచినా సరిపోయేదని అతను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు.

బావగారికి కూర్చోవడం చేతకాదు. బాయిలర్ గదిలో ఆయన కోసం వేసిన కుర్చీలో పదకొండేళ్ళుగా ఆయన తువ్వాలు మాత్రమే కూర్చుంటోంది. ఆయన ఒత్తిడి చూపే గేజీ దగ్గర నుంచి వాల్వు దగ్గరికీ, వాల్వు దగ్గర నుంచి గుమ్మంలోకీ, గుమ్మంలోంచి మళ్ళీ గేజీ దగ్గరికీ తిరుగుతూనే ఉంటారు. మధ్యలో ఎక్కడైనా పైపు కీలు దగ్గర తెల్లగా ఒక ఆవిరి పోగు కనిపించిందా, ఆ రోజు దానికీ ఆయనకీ తాడోపేడో తేలాల్సిందే.

ఒకసారి లాండ్రీ ఎదుటి టీ కొట్టులో ఎవరో పెద్దమనిషి గ్లాసు బల్ల మీద పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. బావగారు పక్కనుంచి వెళ్ళి ఆ గ్లాసు మీద అరచెయ్యి బోర్లించారు.

"ఏమండీ, నా టీ మీద మీ చెయ్యి ఎందుకుంది?"

"మీరు పేపరు చదువుతున్నారు. అది పోతోంది."

"ఏది?"

"వేడి."

"చల్లారాలనే పెట్టుకున్నానండీ."

"ఆ ముక్క ముందే చెప్పాలి," అని బావగారు చెయ్యి తీశారు. తీసి, పైకి పోతున్న ఆవిరిని చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నారు. పెద్దమనిషికి క్షమాపణ చెప్పుకునే పని బావమరిదికి పడింది. అలాంటి పనులు ఎప్పుడూ అతనికే పడేవి.

ఇంట్లో అక్క పరిస్థితి ఇంకా చిత్రం. చలి ఎక్కువగా ఉన్న ఒక పొద్దున ఆవిడ గుమ్మంలో నిలబడి తమ్ముడితో మాట్లాడుతోంది. మాటకొక తెల్లని మబ్బు నోట్లోంచి బయటికొస్తోంది. బావగారు అటూ ఇటూ రెండు సార్లు తిరిగి, ఉండబట్టలేక, "కాసేపు నోరు మూసుకో. వేడంతా పోతోంది," అన్నారు.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "విన్నావురా? పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు. నన్ను నోరు మూసుకోమనడానికి ఈయనకి ఇన్నాళ్ళకి ధైర్యం చాలింది. అదీ ఆవిరి పేరు చెప్పి."

ఇంకోసారి ముగ్గురూ బస్సులో చుట్టాలింటికి బయల్దేరారు. దారిలో ఒక కారు పక్కకి ఆగి ఉంది. ముందు మూత ఎత్తి ఉంది. లోపల్నుంచి సన్నగా ఆవిరి. మలుపు దగ్గర బస్సు నెమ్మదించగానే బావగారు దిగిపోయారు. ఆయన వెనకే బావమరిదీ దూకాడు. కిటికీలోంచి అక్క "అయ్యో, సంచీ ఆయన దగ్గరే ఉందిరా" అంటూండగానే బస్సు వెళ్ళిపోయింది.

కారాయన చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతున్నాడు. బావగారు పోయి మణికట్టు పట్టుకున్నారు.

"ఎవరండీ మీరు?"

"ముందు చెయ్యి తియ్యండి. పరిచయాలు తర్వాత."

"నీళ్ళు పొయ్యాలండీ. నాకు టైమైపోతోంది."

"మూత తీస్తే మీరు పొయ్యక్కర్లేదు. లోపలున్నవే మీ మొహం మీదికొస్తాయి."

"మరగడం లేదుగా. చప్పుడే లేదు."

"అదే వాటి నాటకం. మూత గట్టిగా ఉన్నంతసేపూ లోపల ఒత్తిడుంటుంది. ఒత్తిడుంటే నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. బుద్ధిగా నీళ్ళలాగే కూర్చుంటాయి. మీరు మూత తీశారా, ఒత్తిడి పోయింది. అంత వేడి పెట్టుకుని నీళ్ళలా ఉండటం వాటివల్ల కాదు. ఆ క్షణంలోనే కొన్ని ఆవిరైపోతాయి. ఆవిరికి నీళ్ళకన్నా వెయ్యి రెట్లకి పైనే చోటు కావాలి. ఆ చోట్లో ఇప్పుడు మీ మొహం ఉంది."

కారాయన మొహం వెనక్కి తీసుకున్నాడు. "అన్నీ ఆవిరైపోతాయా?"

"అన్నీ కావు, కొన్నే. ఆ కొన్నీ ఎక్కువైన వేడిని పట్టుకుని పోతాయి. మిగతావి చల్లబడి నీళ్ళుగానే నిలుస్తాయి. ఇంట్లో నలుగురూ పోట్లాడుకుంటుంటే, ఒకడు చెప్పులేసుకుని బయటికి పోతే మిగతావాళ్ళు కాస్త సర్దుకోరూ, అలాగ."

"మీ ఇంట్లో బయటికి పోయేది ఎవరు?"

"నేనే," అన్నారు బావగారు.

కారు చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ బావగారు దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. చూసి చూసి కారాయన కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడ్డాడు. ఆఖరికి బావగారు మూతని పావు చుట్టు తిప్పి, ఆగి, చెవి పెట్టి విని, ఇంకో పావు చుట్టు తిప్పి తీశారు. కారాయన ఇద్దర్నీ చుట్టాలింటి దాకా దింపి వెళ్ళాడు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఒక్క మాట కూడా అనలేదు. ఒత్తిడిలో ఉన్న నీళ్ళు చప్పుడు చెయ్యవన్న సంగతి బావమరిదికి అప్పుడు బాగా బోధపడింది.

ఇలాంటి మనిషికి లాండ్రీ కప్పు మీద ఒక గొట్టం పగబట్టినట్టు ఎదురైంది. బాయిలర్ నుంచి ఆవిరి మంచి ఒత్తిడితో ఇస్త్రీ రోలర్లకి వెళ్ళి, అక్కడ వేడంతా ఇచ్చి, నీళ్ళై తిరిగొస్తుంది. ఆ తిరుగు నీళ్ళు పైపులో ఉన్నంతవరకూ ఒత్తిడిలోనే ఉంటాయి కాబట్టి నూరు డిగ్రీలకన్నా ఎంతో వేడిగా ఉంటాయి. పైపు దాటి తొట్టిలో పడగానే పట్టు సడలి, నూరు బిందెల్లో పది బిందెలు మళ్ళీ ఆవిరై, ఆ గొట్టంలోంచి ఆకాశంలోకి పోతాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, తెల్లటి కుచ్చులా, బావగారి కళ్ళ ముందే.

ఆయన మేనేజరుకి పదకొండు అర్జీలు పెట్టారు. మేనేజరు ప్రతిసారీ ఒకటే అన్నాడు. "బావగారూ, ఆవిరి పుట్టించడం మీ పని. పట్టుకోవడం కాదు." నిజానికి మేనేజరుకి ఆ కుచ్చంటే ఇష్టం. తన గది కిటికీలోంచి అది కనిపిస్తుంటే కింద పని నడుస్తోందని ఆయనకి నిమ్మళం. లోకులు గడియారం చూసినట్టు ఆయన గంటకోసారి ఆ కుచ్చు చూసేవాడు.

ఆ చలికాలం మొదట్లోనే లాండ్రీకి వేలిముద్రల హాజరు మెషిన్ వచ్చింది. తెప్పించింది బావమరిదే. వేలు పెడితే ఆకుపచ్చ దీపం వెలిగి, "ధన్యవాదాలు" అంటుంది. గుర్తుపట్టకపోతే ఎర్ర దీపం వెలిగి, "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. అతనికి ఆ గొంతు భలే నచ్చింది. ఒక్క నానబెట్టే షెడ్డు ఆడవాళ్ళతోనే దానికి పడేది కాదు. ఆ షెడ్డులో నలుగురు. నెత్తుటి మరకల దుప్పట్లు చన్నీళ్ళలో నానబెట్టి చేత్తో జాడించడం వాళ్ళ పని. వేణ్ణీళ్ళు తగిలితే నెత్తురు బట్టకి పట్టేస్తుంది కాబట్టి ఆ షెడ్డుకి వేడి పైపే లేదు. చేతికి తొడుగులిచ్చారు కానీ, అవి మణికట్టు దాకా, పని మోచేతి దాకా. మధ్యాహ్నం, సాయంత్రం వాళ్ళు వచ్చి చన్నీళ్ళకి కొయ్యబారిన వేళ్ళు పెడితే మెషిన్ "మళ్ళీ ప్రయత్నించండి" అనేది. కొన్ని రోజులు ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే మాట.

"సార్, మేం వచ్చాం కదా, మీ ఎదురుగానే ఉన్నాం కదా," అనేది వాళ్ళలో పెద్ద. ఆవిడని అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు.

"నా కళ్ళకి కనపడితే చాలదమ్మా. మెషిన్ ఒప్పుకోవాలి," అని బావమరిది గైరుహాజరు వేసేవాడు. నెలకి ఐదు దాటితే పనిలోంచి తీసెయ్యొచ్చని కాగితం మీద ఉంది. నలుగురికీ నాలుగేసి పడ్డాయి. వాళ్ళు అతనికి దణ్ణం పెట్టడం మానేశారు. అతను ఎదురొస్తే గోడ వైపు తిరిగి నడిచేవాళ్ళు. అతనికి లోపల ఎక్కడో గుచ్చుకునేది. రాత్రి అన్నం సహించేది కాదు. కానీ రూలు రూలే అని తనకి తనే చెప్పుకునేవాడు.

ఉన్నట్టుండి ఒక వారం మెషిన్ వాళ్ళ వేళ్ళని గుర్తుపట్టడం మొదలుపెట్టింది. దణ్ణాలు తిరిగొచ్చాయి. పైగా ముందుకన్నా వంగి పెట్టేవాళ్ళు. మేస్త్రమ్మయితే ఒకరోజు అతని కుర్చీ మీదికి తెల్లటి తువ్వాలు ఉతికి, మడిచి తెచ్చి వేసింది. క్రమశిక్షణ అంటే ఇదీ అని బావమరిది మీసం సవరించుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మేనేజరు నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కుచ్చు సగమైంది," అన్నాడు.

"ఏ కుచ్చు సార్?"

"గొట్టం మీది కుచ్చయ్యా. నెల నుంచి చిక్కిపోతోంది. నేను నా కళ్ళజోడు మార్చి చూశాను. కుచ్చే చిక్కింది. కింద పని సగమైందా? ఆవిరి ఎక్కడికన్నా పోతోందా? ఇవాళ పదకొండింటికి బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఈలోగా సంగతేంటో తేల్చు."

తేల్చడానికేముంది, బావమరిదికి గుమ్మం దాటకముందే తేలిపోయింది. పరుగున బాయిలర్ గదికి వెళ్ళాడు. బావగారు గేజీ దగ్గర ఉన్నారు.

"బావా, గొట్టంలో ఆవిరి ఎక్కడికి పోయింది?"

"ఆవిరి ఎక్కడికి పోతుందోయ్. ఉన్నచోటే ఉంటుంది." ఆయన వాల్వు దగ్గరికి నడిచారు.

"ఆ ఉన్నచోటు ఎక్కడ?" అతనూ వెనకే నడిచాడు.

"వేడి కావాల్సిన చోట." ఆయన గుమ్మంలోకి నడిచారు.

"బావా, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. అనుమతి లేని పైపు కనపడితే మీ లైసెన్సు పోతుంది. మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది నేను కాబట్టి నా ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత అక్క మనిద్దర్నీ ఇంట్లోకి రానివ్వదు."

"నీకే భయమూ లేదు," అని బావగారు మళ్ళీ గేజీ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మాటతో బావమరిదికి అప్పటిదాకా లేని భయం కూడా పుట్టింది.

తిరుగు నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి చూస్తే, గొట్టం మొదట్లోంచి ఒక సన్న పైపు పక్కకి చీలి ఉంది. పాత ముక్కలు అతికి చేసిన పైపు. వేడి పోకుండా దాని పొడవునా చిరుగు కంబళ్ళ పీలికలు చుట్టి, చక్కగా కుట్టి ఉన్నాయి. అతను వంగి ఆ కుట్టు చూశాడు. చిన్నప్పటి నుంచి తన చొక్కాలకి చూసిన కుట్టే. అక్కది. అంటే ఇంట్లో తెలియనిది తనొక్కడికే. పైపు ఆరబెట్టే మెషిన్ల వెనకనుంచి పాకింది. అతనూ వీపు గోడకి ఆనించి పక్కపక్కకి పాకాడు. అది స్టోరు గదిలో బీరువాల మీదికెక్కింది. అతను నిచ్చెన వేసుకుని ఎక్కి, దుమ్ములో మోకాళ్ళ మీద నడిచి, తుమ్ముకుంటూ అవతలికి దిగాడు. పైపు గోడలో కన్నంలోంచి దూరిపోయింది. అందులో అతను పట్టడు కాబట్టి బయటినుంచి చుట్టూ తిరిగి పరిగెత్తి, ఒక తలుపు తోశాడు. నానబెట్టే షెడ్డు.

మూలన ఆకుపచ్చ రంగు వేసిన ఒక డ్రమ్ము. పైపు అందులోకి వెళ్ళి, లోపల చుట్టలు తిరిగి, నీళ్ళు కాచి, మిగిలిన చుక్కల్ని ఇంకో సన్న పైపులోంచి తొట్టికి పంపేస్తోంది. డ్రమ్ముకి కుళాయి. కుళాయి కింద నలుగురు ఆడవాళ్ళ చేతులు. ఒకావిడ కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

అతన్ని చూసి నలుగురూ సర్దుకున్నారు. మేస్త్రమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రండి సార్. పెట్టించి నెలైంది. ఒక్కసారైనా చూడ్డానికి రాలేదేంటా అనుకుంటున్నాం."

"ఎవరు పెట్టించి?"

"మీరే కదా సార్. బావగారు చెప్పారు. 'మా బావమరిది పైకి గైరుహాజరు వేస్తాడు కానీ లోపల తెగ బాధపడుతున్నాడు, అన్నం తినడం లేదు, మీ చేతులకి ఏదో ఒకటి చెయ్యమని నా ప్రాణం తీస్తున్నాడు' అని. పంచింగ్‌కి ముందు ఐదు నిమిషాలు ఈ నీళ్ళలో చేతులు కాచుకుని తుడుచుకుంటే మీ మెషిన్ గుర్తుపడుతోంది సార్."

బావమరిది గోడకి చెయ్యి ఆనించాడు.

"మీ సంగతి ఆయనకెలా తెలుసు? మీరు వెళ్ళి చెప్పారా?"

"లేదు సార్. ఒకరోజు టీ గ్లాసులు బల్ల మీద పెట్టుకున్నాం. ఆయన అలవాటే కదా, మూతెయ్యడానికి వచ్చారు. ఆయన చెయ్యి పెట్టడానికి చోటు లేదు. నాలుగు గ్లాసుల మీదా మా చేతులే ఉన్నాయి. తాగడం లేదు, కాచుకుంటున్నాం. ఆయన కాసేపు నిలబడ్డారు సార్. తర్వాత వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి పైపు ముక్కలు ఏరడం మొదలుపెట్టారు."

బావగారు ఒక చోట కాసేపు నిలబడ్డారంటే అది ఎంత పెద్ద సంగతో బావమరిదికి తెలుసు.  ఇంకేమైనా అడిగేలోపే తలుపు తెరుచుకుంది. ముందు మేనేజరు, వెనక ఇన్‌స్పెక్టర్. కుచ్చు సంగతి తేలేదాకా ఆగలేక మేనేజరు తనే పైపు వెంబడి బయల్దేరాడట. భుజాల మీద స్టోరు గది దుమ్ము. ఇద్దరి వెనకా బావగారు, ఈ కాలి మీదా ఆ కాలి మీదా నిలబడుతూ.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు మేనేజరు.

నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే చెయ్యి చూపించారు. "ఈ సారే."

బావగారు ముందుకొచ్చారు. "అది కాదండీ, అసలు నేను..."

"నేనే సార్," అన్నాడు బావమరిది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "బిగించింది బావగారు. పెట్టమన్నది నేను. మిమ్మల్ని అడక్కపోవడం నా తప్పే. వీళ్ళకి వేసిన గైరుహాజర్లు కూడా నా తప్పే. ఇవాళ దిద్దేస్తాను."

మేనేజరు నోరు తెరిచాడు. ఈలోగా ఇన్‌స్పెక్టర్ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, పైపు మీద చెవి పెట్టి, పైనున్న చిన్న సేఫ్టీ వాల్వు ఎత్తి చూసి, దించాడు. మళ్ళీ ఎత్తాడు, దించాడు.

"ఒత్తిడి నిలవడం లేదు. దారి ఎక్కడా మూయలేదు. ప్రమాదమేం లేదు," అన్నాడు. "నేను ఈ ఏడాది నలభై లాండ్రీలు చూశాను. అన్నిచోట్లా ఇది గాల్లోకే పోతోంది. ఎవరికి తట్టిందయ్యా ఇది?"

"వేడి నీళ్ళ మీద ఒత్తిడి తగ్గితే కొన్ని ఆవిరవుతాయి కదండీ," అన్నాడు బావమరిది. తర్వాతేమిటో తోచలేదు. బావగారి వైపు చూశాడు. బావగారు కప్పు వైపు చూశారు. "ఆ కొన్ని... ఆ కొన్నీ ఇటొచ్చాయి," అని ముగించాడు.

"బొమ్మ గీసి, కాగితం పెట్టండి. అనుమతి రాస్తాను."

"మరి నా కుచ్చు?" అన్నాడు మేనేజరు నీరసంగా.

"అది చిక్కితే మీ లాండ్రీ బాగుపడుతున్నట్టండీ," అని ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచాడు. మేనేజరు ఆ కొత్త లెక్క మనసులో తిప్పుకుంటూ వెనకే వెళ్ళాడు.

వాళ్ళు వెళ్ళాక బావమరిది బావగారిని ఆరుబయటికి లాక్కొచ్చాడు.

"నా పేరెందుకు చెప్పారు బావా?"

"నా పేరు చెప్తే బావగారి పిచ్చి అంటారు. మర్నాడే పీకేస్తారు. నీ పేరు చెప్తే ఏర్పాటు అంటారు." ఆయన నాలుగడుగులు వేసి తిరిగొచ్చారు. "ఇంకోటి కూడా ఉందిలే. వాళ్ళు నిన్ను చూసి గోడ వైపు తిరిగి పోతున్నారు. నువ్వు తల దించుకుని పోతున్నావు. మీ అక్కకి చెప్పాను. పైపుతో పాటు అది కూడా సరిచెయ్యండి అంది."

బావమరిది ఆ సాయంత్రమే హాజరు పుస్తకం తీసి పదహారు గైరుహాజర్లూ కొట్టేసి, పక్కన పొడి అక్షరాలతో సంతకం చేశాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాడు. మూడో వారంలో మేస్త్రమ్మ అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మీ డ్రమ్ము నట్టు దగ్గర కారుతోంది. బావగారిని అడిగితే, పెట్టించింది సారు కదా, సారునే అడగండి అన్నారు."

బావమరిది చొక్కా చేతులు మడిచి, జీవితంలో మొదటిసారి పానా పట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. నలుగురు ఆడవాళ్ళూ భక్తిగా చుట్టూ నిలబడ్డారు. డ్రమ్ముకి అవతల బావగారు, చేతులు వెనక్కి కట్టుకుని, అవి ముందుకి రాకుండా ఆపుకోలేక అవస్థ పడుతూ. బావమరిది నట్టుకి పానా తగిలించి ఒక తిప్పు తిప్పాడు. చుక్కలు ధారయ్యాయి.

"బావా, ఎటు తిప్పాలి?" అన్నాడు పెదవి కదలకుండా.

"కుడికి."

"ఎవరి కుడికి?"

మేస్త్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు డ్రమ్ము చుట్టూ తిరిగొచ్చి అతని పక్కన నిలబడ్డారు. "ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే కుడి. తిప్పు," అన్నారు.